ఎముక తోడుకునే వయసు

పెరుగు దుకాణం, వెనక గది
ఆదివారం

కటింగ్ మాస్టరు గారికి,

అమ్మను కాటికి సాగనంపి వచ్చిన రోజు పాలవాళ్లందరి ముందు నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. ఈ ఇంటి పెరుగే నా వీపుని తినేసింది అన్నావు. అనేసి, కాళ్లు కూడా కడుక్కోకుండా బస్సెక్కావు. అప్పటినుంచి ఇప్పటికి నా జుట్టు నెరిసింది, నెరిసిన దాంట్లో సగం ఊడింది. ఆ మాట మాత్రం నల్లగా అలాగే ఉంది.

నీకు గుర్తుందో లేదో. నేను పాల క్యాన్లు మోసుకుని ఇంటికొస్తే నాకు గిన్నె అడుగున మిగిలిన నీళ్ల పెరుగు. నీకు పైన గడ్డకట్టిన మీగడ పెరుగు, అదీ గుడ్డలో మూటగట్టి నీళ్లు వార్చింది. వాడి ఎముకలకి కావాలి రా, నీకేం, దున్నపోతులా ఉన్నావు అనేది అమ్మ. నేను ఒక్కనాడు అడిగానా నాకేదని? అడగలేదు. తిన్నవాడు తిట్టిపోయాడు, తిననివాడు ఆ పెరుగే అమ్ముకుని బతుకుతున్నాడు. ఇది నా కడుపులో ఉన్నది. ముందు ఇది చెప్పకుండా మిగతాది రాయడం నా చేత కాలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోన్లో నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తావు. కాగితానికి ఊఁ కొట్టి తప్పించుకోలేవు. నాకు రాత ఎంత వచ్చో నీకు తెలుసు. ఒక్కో అక్షరం పాల డబ్బా ఎత్తినట్టు ఎత్తి పెడుతున్నాను. మధ్యలో ఆపేసి పక్కన పడేయకు.

నా కూతురి కూతురు నా దగ్గరే ఉంటుంది. నువ్వు చూడలేదు. దాని తల్లి పోయినప్పుడు నువ్వు ఒక కార్డు ముక్క రాసి ఊరుకున్నావు. అల్లుడు లారీ తోలుతాడు. మంచివాడే, కానీ ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. ఏదడిగినా, మామయ్యా మీరెలా చేస్తే అలాగే అంటాడు. పిల్లకి పన్నెండు నిండాయి. గింజంత ఉన్నప్పటినుంచీ నోరు ఘాటు కాబట్టి అందరం మిరియం అంటాం.

బడి గౌను కింది అంచు ఒక పక్కకి జారుతోందని దర్జీతో పోట్లాటకి వెళ్లాను. అతను గౌనుని బల్ల మీద పరిచి, టేపు పెట్టి చూపించి, పెద్దాయనా బట్ట తిన్నగానే ఉంది, ఒకసారి పిల్లని చూసుకోండి అన్నాడు. నాకు ఒళ్లు మండి వచ్చేశాను. తర్వాత అది పెరుగు టబ్బు కడగడానికి వంగినప్పుడు చూశాను. వీపు ఒక పక్క ఎత్తుగా లేచింది. నీళ్ల చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. చిన్నప్పుడు నువ్వు చొక్కా మార్చుకుంటుంటే నేను చూసిన వీపే అది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. వెన్ను వంగింది, పైగా ఎముకలు పలచగా ఉన్నాయి అంది. గట్టి ప్లాస్టిక్ బెల్టు రాసింది, చంకల కింది నుంచి తుంటి దాకా పట్టేది. ఎదుగుదల ఆగేదాకా వేసుకోవాలట. అప్పటికీ వంగితే ఆపరేషనేనట. బెల్టు సరేనమ్మా, తిండి మాట చెప్పు అన్నాను. తిండి మంచిదే తాతగారూ, ఎముకకి బలమిస్తుంది, వంపు మాత్రం తీయదు అంది. చదువుకున్నవాళ్లు ఇలాంటి మాటలు బాగా చెబుతారు.

నేను చూసింది నాకు తెలుసు. నీ వీపు ఒక వయసు దాకా వంగి, ఆ తర్వాత ఆగింది. ఆపింది ఏదో ఉంది. అమ్మ నీకు ఏమేం పులియబెట్టి పెట్టింది, దేంతో కలిపింది, ఏ వేళకి పెట్టింది, అన్నీ రాయి. నేను అప్పుడు పాలు మోస్తూ రోడ్ల మీద ఉండేవాణ్ణి, నాకు తెలియదు. తిన్నది నువ్వు, నీకు తెలుసు. పుట్టి బుద్ధెరిగాక నిన్ను నేను ఏదైనా అడిగానంటే ఇదొక్కటే.

మీ అన్న


యూనిఫాం ఫ్యాక్టరీ వీధి, మేడ మీద గది
గురువారం

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం పార్సిల్ బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. మధ్యలో ఆపకుండానే చదివాను.

మీరడిగినవి రాస్తున్నాను. పొద్దున గుడ్డలో వార్చిన పెరుగు. వార్చిన నీళ్లు పారబోసేది కాదు, ఆ నీళ్లు కూడా తాగించేది. మధ్యాహ్నం ఉప్పునీళ్ల జాడీలో పులియబెట్టిన క్యాబేజీ, క్యారెట్ ముక్కలు. దొరికినప్పుడు ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు. సాయంత్రం నువ్వులు నూరి కలిపిన పెరుగు, ఆకుకూర. పడుకునేముందు పుల్ల మజ్జిగ. ఇవి కాక, ఎండ పొడ పడే చోట వీపు చూపించి కూర్చోబెట్టేది. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే నేను ఎండలో వడియంలా ఎండేవాణ్ణి.

వీటి వల్ల నాకు మేలే జరిగింది. ఒకసారి ఫ్యాక్టరీ మెట్ల మీంచి దొర్లి పడ్డాను. నాతోపాటు పడ్డ కుర్ర మెకానిక్కుకి మణికట్టు విరిగింది, నాకు ఏమీ కాలేదు. ఆ తిండి గురించి నేను ఇవ్వగలిగిన సాక్ష్యం ఇంతే.

నా వీపు ఆగిందని రాశారు. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

పిల్ల కొలతలు పంపండి. ఛాతీ, నడుము, భుజం నుంచి తుంటికి రెండు పక్కలా విడివిడిగా. రెండు పక్కలా ఒకేలా ఉండవు, కంగారు పడకండి. బెల్టు కిందికి పల్చటి నూలు బనియన్లు కోసి పంపుతాను, కుట్టు బయటికి ఉండేట్టు. లోపల ముడత పడితే తోలు ఊడుతుంది. ఇలాంటి ఒంటికి బట్ట కోయడం నాకు బాగా తెలుసు, నా మీదే నేర్చుకున్నాను. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకి నా వీపు సంగతి తెలియడానికి నెలలు పడుతుంది.

బెల్టు మాత్రం వదలనీయకండి.

కూతురు పోయినప్పుడు రాకపోవడం గురించి మీరన్నది నిజం.

తమ్ముడు


పెరుగు దుకాణం, వెనక గది
సోమవారం

తమ్ముడికి,

బనియన్లు అందాయి. అతికినట్టు సరిపోయాయి. మిరియం వేసుకుని అద్దం ముందు తిరిగి చూసుకుని, చిన్నతాతయ్య నన్ను చూడకుండానే ఇంత బాగా కోశాడు, నువ్వు రోజూ చూస్తూ కూడా నాకు సరైన చెప్పులు కొనలేవు అంది. నీకు థాంక్స్ చెప్పమంది. చెప్పాను.

ఇక వినరా. ఎండలు ముదిరినప్పుడు నీ ఉత్తరం వచ్చింది, ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఈ మధ్యలో నేను ఒక్క పూట వదల్లేదు. అమ్మ చేసిందంతా చేశాను, ఇంకా కలిపాను. పిల్ల పెరుగు కోసం పాలు వేరే కాస్తున్నాను. చిటికెన వేలు ముంచి చూసి, వేడి సరిగ్గా తగిలాకే తోడు వేస్తాను. దుకాణంలో అమ్మేది ఎవరైనా చేస్తారు, దీన్ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వను. నువ్వులు నేనే నూరుతాను. జాడీలో క్యాబేజీ నేనే అణుస్తాను. ఉప్పు మరీ ఎక్కువైతే ఎముకల్లోని సున్నం బయటికి పోతుందని డాక్టరమ్మ అంది. జాడీలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది కాబట్టి తీశాక కడిగి పెడుతున్నాను. ఆవిడ చెప్పిన మాట కూడా విన్నాను చూశావా.

మొదట్లో పెద్ద చిక్కు వచ్చింది. ఆ బెల్టు పొట్టని పట్టేస్తుంది. రెండు ముద్దలు తినగానే పిల్ల చాలంటుంది. తిననిదే ఎముక ఎక్కడినుంచి వస్తుంది? దానికి ఉపాయం కనిపెట్టాను. తినే ముందు పట్టీలు విప్పేస్తాను. తిన్నాక అరగడానికి కొంచెం టైం ఇస్తాను, పొట్టకి చోటుండాలి కదా. పొద్దున పెరుగు, బడికి వెళ్లేముందు గుడ్డు, బడిలో డబ్బా తినడానికి అదే విప్పుకుంటుంది, వచ్చాక క్యాబేజీ, చీకటిపడ్డాక నువ్వుల పెరుగు, పడుకునేముందు మజ్జిగ. మజ్జిగ తాగి అలాగే నా పక్కన ఒరిగి నిద్రపోతుంది. నిద్రపోయే పిల్లని కదిపి ఆ ప్లాస్టిక్‌లో ఇరికించడానికి నాకు చేతులు రావు. అమ్మ అయితే ఇరికించేదా?

పిల్ల బుగ్గలు తేలాయి. బరువు పెరిగింది. నిన్న ఎముకల పరీక్ష కాగితం వచ్చింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివింది. ఎముక బాగా గట్టిపడింది తాతగారూ, ఇంత త్వరగా నేను అనుకోలేదు అంది. అంది చూడు, ఆవిడ నోటితోనే. వానలు తగ్గాక మళ్లీ ఎక్స్‌రే అట. తీయనీ. నాకు భయం లేదు.

ఇంకో మాట, నువ్వు నవ్వుతావని రాస్తున్నాను. కొత్తగా చేరిన పనివాడు తోడు పెట్టిన టబ్బుని తుడవడానికి పక్కకి జరిపాడు. టబ్బంతా నీళ్లు విడిచి ముక్కలు ముక్కలైంది. వీధి చివరికి వినిపించేలా తిట్టాను. మిరియం గుమ్మంలో నిలబడి, అంకుల్, మా ఇంట్లో మనుషుల్ని కదిపినా పర్వాలేదు, గిన్నెల్ని కదపకూడదు అని వాడికి పాఠం చెప్పింది.

అమ్మ మీద నువ్వన్న మాట ఇప్పుడైనా వెనక్కి తీసుకుంటావని ఎదురు చూస్తున్నాను.

అన్న


యూనిఫాం ఫ్యాక్టరీ వీధి, మేడ మీద గది
బుధవారం

అన్నయ్యా,

నాకు నవ్వు రాలేదు. నీ ఉత్తరం బస్టాండులోనే నిలబడి చదివాను. ఒకటే అడుగుతున్నాను. పొద్దున విప్పి, బడికి ముందు విప్పి, బడిలో విప్పి, వచ్చాక విప్పి, చీకటిపడ్డాక విప్పి, రాత్రంతా విప్పే ఉంచితే, ఆ పిల్ల బెల్టు వేసుకునేది ఎప్పుడు?

నువ్వు తోడు పెట్టిన టబ్బుని కదిపాడని ఒక మనిషిని వీధి చివరికి వినబడేలా తిట్టావు. ఆ పాలు మంచివే, ఆ తోడు మంచిదే, వేడి కూడా సరిపోయింది. అయినా ఎందుకు చెడింది? తోడుకునే వేళ కదిలింది కాబట్టి. పిల్లకిది ఎముక తోడుకునే వయసు. నువ్వు ఎంత మంచి పెరుగు పోసినా, ఏ రూపంలో ఉంచితే ఆ రూపంలోనే గట్టిపడుతుంది. వంకరగా ఉంచితే వంకరగానే గట్టిపడుతుంది. ఎముక గట్టిపడిందని డాక్టరమ్మ అంటే నువ్వు సంబరపడ్డావు. నాకు భయం వేసింది.

ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకోను. ఎందుకన్నానో ఇప్పుడు రాస్తాను. నువ్వు పాలు తేవడానికి వెళ్లిన ఒక రోజు, మన వీధికి వచ్చే పెద్ద డాక్టరు నన్ను వంచి, వీపు తడిమి చూశాడు. పట్నం తీసుకెళ్లి ఒంటికి పిండికట్టు వేయిద్దాం, కొన్నాళ్లు కదలకుండా ఉండాలి, ఇప్పుడైతే ఆపవచ్చు అన్నాడు. నేను గుమ్మం వెనకే ఉన్నాను. అమ్మ ఏమందో తెలుసా? కట్టు వేస్తే బిడ్డ ఎలా తింటాడు డాక్టరు గారూ, నేను తిండితో నిలబెట్టుకుంటాను అంది. ప్రేమతోనే అంది. నేను ఆవిడ పెట్టినదంతా ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను, తింటే తిన్నగా అవుతాననుకుని. రోజూ గోడకి వీపు ఆనించి నిలబడి చూసుకునేవాణ్ణి. గోడకీ నాకూ మధ్య ఖాళీ పెరుగుతూనే వచ్చింది.

అమ్మని తిట్టలేక పెరుగుని తిట్టాను. అంతే.

ఇప్పుడే లేచి పిల్లకి బెల్టు పెట్టు. తినేటప్పుడు కూడా ఉంచు, కొంచెం కొంచెంగా తింటుంది, అలవాటవుతుంది. రాత్రి అసలు విప్పకు. ఎక్స్‌రేకి వానలు తగ్గేదాకా ఆగకు.

నీ తమ్ముడు


పెరుగు దుకాణం
శుక్రవారం

నీకు,

మాట్లాడలేని మనిషి మీద నింద వేయడం చాలా సులువు. ఆ డాక్టరు కూడా పోయాడు, అమ్మా పోయింది, గుమ్మం ఒక్కటే ఉంది, దాన్ని అడగమంటావా? నువ్వు ఎప్పుడూ అంతే. పెట్టిన చేతిని చూడవు, పెట్టనిది లెక్కబెడతావు.

నా ఇంట్లో నా పిల్లకి ఏం చేయాలో బట్టలు కోసేవాడి దగ్గర నేర్చుకునే గతి నాకు పట్టలేదు. ఎముక గట్టిపడిందని కాగితం చెప్పింది. నీ మాట నమ్మనా, కాగితం నమ్మనా?

ఇక నాకు రాయొద్దు.


యూనిఫాం ఫ్యాక్టరీ వీధి, కింది గది
మంగళవారం

అన్నయ్యా,

రాయొద్దన్నావు కాబట్టి ఇది ఉత్తరం అనుకోకు, పార్సిల్ మీద పెట్టిన చీటీ అనుకో. పిల్ల ఎదిగి ఉంటుంది, పాత బనియన్లు పట్టవు. పెద్దవి కోశాను. ఈసారి కొలతలు లేవు, ఊహించి కోశాను. వదులైతే పక్కన దారం లాగితే బిగుస్తుంది, మిరియానికి చూపించు.

అక్షరాలు గీతల మీద నిలవడం లేదు, ఏమీ అనుకోకు. ఒళ్లో పలక పెట్టుకుని రాస్తున్నాను.

మిరియానికి ఒక మాట చెప్పు. బడిలో ఎవరైనా బెల్టు మీద తట్టి, లోపల ఎవరున్నారు అని ఏడిపిస్తే, ఇంట్లో లేరు, సాయంత్రం రండి అని చెప్పమను. నాకు ఆ వయసులో జవాబు తోచలేదు. తోచేసరికి అడిగేవాళ్లు లేరు.

తమ్ముడు


ఆసుపత్రి వరండా, తర్వాత పెరుగు దుకాణం
ఆదివారం

ఒరేయ్ చిన్నోడా,

ఇది ఆసుపత్రి వరండాలో మొదలుపెట్టాను, అక్కడ పూర్తి కాలేదు. రెండు కాగితాలు చించేశాను. ఇది కూడా బాగా లేదు. ఎలా ఉందో అలాగే చదువుకో.

ఇప్పుడే లేచి బెల్టు పెట్టు అని నీ ఉత్తరం వచ్చిన రోజే నేను బెల్టు బిగించాను. నీకు తిట్లు రాసి పంపించి, వచ్చి బిగించాను. పిల్ల, ఇదేంటి తాతయ్యా ఇంకా తినలేదు కదా అంది. బిగుతుగానే తిను అన్నాను. అప్పటినుంచి రాత్రి కూడా విప్పలేదు. ఇది నీకు రాయలేదు. రాస్తే నీ మాట నిజమని ఒప్పుకున్నట్టు అవుతుందని రాయలేదు. ఒప్పుకోకపోతే నిజం కాకుండా పోతుందనుకున్నాను కాబోలు.

వానలు తగ్గాక ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన లైటు మీద పెట్టింది. పాతది కొంచెం వంగిన కొమ్మలా ఉంది. కొత్తది కొడవలి. నాకు చదువు రాకపోయినా అది చదవడానికి చదువు అక్కర్లేదు. ఈ మధ్యే పిల్ల ఒక్కసారిగా సాగింది, ఆ సాగడంలోనే వంగింది అంది ఆవిడ. పిల్లని అడిగింది, బెల్టు రోజంతా ఉంచుకున్నావా అని.

మిరియం నా వైపు చూడలేదు. లేదు మేడం, బడిలో సిగ్గేసి నేనే తీసేసేదాన్ని, తాతయ్యకి తెలియదు అంది.

నా నోటికి ఈ వీధంతా భయపడుతుంది, అలాంటిది ఆ గదిలో అది తెరుచుకోలేదు. బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాక, ఎందుకు అలా చెప్పావే అని అడిగాను.

“నిన్ను తిడితే నాకు బాగోదు తాతయ్యా. నన్నైతే ఆవిడ తిట్టదు, నేను చిన్నపిల్లని కదా.”

లేచి మళ్లీ లోపలికి వెళ్లాను. వేరే ఎవరో పేషెంటు ఉన్నా తలుపు తోసుకుని వెళ్లాను. బెల్టు తీసింది పిల్ల కాదు, నేను, తిండి పెట్టడానికి రోజంతా తీశాను, రాత్రిళ్లు కూడా తీశాను అని చెప్పాను. ఆవిడ తిట్టలేదు రా. తిట్టి ఉంటే బాగుండేది. కూర్చోమంది. బెల్టు సరిగ్గా వేసుకున్నా కొందరికి వంగుతుంది, మీ పిల్ల ఎందులో ఉండేదో నేను చెప్పలేను అంది. ఇక బెల్టుతో పని జరగదంది. వీపు తెరిచి, రెండు పక్కలా కడ్డీలు పెట్టి, ఎముకల్లోకి మేకులు బిగించి నిలబెట్టాలట. ఎముక గట్టిగా ఉంది కాబట్టి మేకులు బాగా పట్టుకుంటాయి, మీరు పెట్టిన తిండి ఊరికే పోలేదు అంది. నన్ను ఓదార్చడానికే అంది. నేను పిల్ల కోసం వేలు ముంచి చూసి చూసి తోడు పెట్టింది మేకులు దిగడానికా అని నా లోపల ఎవరో అరుస్తున్నారు.

చేయిస్తే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది. చాలామంది నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు. ఎక్కడో ఒకరికి నరం దెబ్బతిని కాళ్లు చచ్చుబడవచ్చు. చేయించకపోతే ఏమవుతుందమ్మా అన్నాను. ఇంత వంగిన వెన్ను పెద్దయ్యాక కూడా కొంచెం కొంచెంగా వంగుతూనే ఉంటుంది, ముసలితనానికి ఊపిరితిత్తులకి చోటు చాలకుండా పోవచ్చు, మెట్లెక్కడం, వెల్లకిలా పడుకోవడం కష్టమవుతుంది అంది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. మొదట్లో అన్నిటి పైనా మేడ మీద గది అని రాశావు. చివరి చీటీ మీద కింది గది అని ఉంది. అప్పుడు నేను కోపంలో అది చూడనే లేదు. ఇప్పుడు చూశాను. ఎందుకు కిందికి దిగావు రా? మెట్లెక్కలేకపోతున్నావా? ఒళ్లో పలక ఎందుకు, బల్ల దగ్గర కూర్చోలేవా? పడుకుంటే ఊపిరి ఆడక దిండ్లకి ఆనుకుని ఉంటున్నావా? నీ వీపు ఆగింది ఆగింది అని నేను గొప్పగా రాస్తుంటే, ఆ సంగతి ఇప్పుడు వద్దు అన్నావు. ఆగలేదన్నమాట. ఇంతకాలం అది నీ లోపల వంగుతూనే ఉంది, నేను ఇక్కడ నీ మీద కోపం నిలవపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఫ్యాక్టరీకి వెళ్తున్నావా? వండేది ఎవరు? నాకు చెబితే ఏం పోయేది? ఈ మాట అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

అమ్మ సంగతి మన మధ్య ఇక వద్దు. నువ్వు అబద్ధం చెప్పలేదు. కట్టు వేస్తే బిడ్డ ఎలా తింటాడు అని అమ్మ అన్నదని రాశావు చూడు, అది చదివినప్పుడే నాకు తెలిసిపోయింది. ఆ మాట నేను ఈ ఇంట్లో రోజూ అంటున్నాను, ఎవరూ నేర్పకుండానే.

ఇప్పుడు అసలు సంగతి. అల్లుడికి ఫోన్ చేశాను. ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపుకుని ఏడ్చాడు. మామయ్యా, మీరే సంతకం పెట్టండి, నా చేత కాదు, పై సోమవారానికి వచ్చేస్తాను అన్నాడు. డాక్టరమ్మ ఆ సోమవారానికే మంచం ఉంచింది. సంతకం శనివారం పొద్దున పెట్టాలి. పెట్టకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తుంది, మళ్లీ దొరికేది ఎప్పుడో ఆవిడే చెప్పలేకపోతోంది. ఈలోగా పిల్ల సాగుతూనే ఉంటుంది.

నేను పెట్టబోతే మిరియం పెట్టనివ్వలేదు. కాగితం తీసి బడి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు, గొడవ చేయలేదు. అలా ఉంటేనే నాకు భయంగా ఉంది.

“నువ్వు పెరుగు అన్నావు, తిన్నాను. డాక్టరమ్మ కత్తి అంటోంది. మీ ఇద్దరికీ తిన్నని వీపులు. చిన్నతాతయ్యని అడుగు. ఆయన ఏం చెబితే అదే.”

అది అడిగిన దాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. నీ వీపు లోపలినుంచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇన్నేళ్లు బయటినుంచి చూశాను, చూసి జాలిపడ్డాను, కుళ్లుకున్నాను, తిట్టాను. ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకు పన్నెండేళ్లప్పుడు ఎవరైనా వచ్చి, ఒకసారి కోస్తాం, భయం ఉంది, నొప్పి ఉంటుంది, కాళ్లు పోయినా పోవచ్చు, కానీ ముసలితనంలో మెట్లెక్కుతావు, వెల్లకిలా పడుకుని ఊపిరి పీలుస్తావు అంటే, సరే అనేవాడివా? ఈ బతుకే చాలు, నన్ను ముట్టుకోకండి అనేవాడివా? నువ్వు ఈ ఒంటితోనే గౌరవంగా బతికావు, బట్టలు కోసి నలుగురిని నిలబెట్టావు. అందుకే నాకు తేలడం లేదు. కత్తి లేకుండానూ బతుకుంటుందని నువ్వే సాక్ష్యం, ఆ బతుకు చివరికి ఎలా బిగుసుకుంటుందో దానికీ నువ్వే సాక్ష్యం.

నా మనసు నొచ్చుకుంటుందని మెత్తగా రాయకు. నా మీద కోపంతో వంకరగానూ రాయకు. అమ్మ మీద పగకి ఆ పిల్ల వీపుని వాడుకోకు. నాకు రాయొద్దు, దానికి రాయి. నేను చదివి వినిపించను, దాని చేతికే ఇస్తాను.

ఇది రేపు పొద్దున బస్సుకి ఇస్తున్నాను. మంగళవారం నీకు అందుతుంది. శుక్రవారం మధ్యాహ్నం అక్కడినుంచి పార్సిల్ బస్సు ఇక్కడికి వస్తుంది, నేను దుకాణం మూసేసి బస్టాండులో ఉంటాను. డ్రైవరు చేతిలో నీ కాగితం ఉండాలి. రాయడానికి ఊపిరి చాలకపోతే పక్కవాళ్లతో రాయించి కింద నీ పేరు మాత్రం పెట్టు. అదీ కాకపోతే ఒకే మాట రాయి, చేయించుకో అని గానీ, వద్దు అని గానీ.

తెలియదు అని మాత్రం రాయకు. తెలియనివాణ్ణి ఇక్కడ నేనొకణ్ణి ఉన్నాను, అది చాలు. బతిమాలుతున్నానని అనుకుంటే అనుకో. శుక్రవారం దాటనివ్వకు.

అన్న